మా వీధికి అవగాహన కలిగిన విధంబెట్టిదనిన

అణు వ్యర్థాల లారీ మీ ఇంటి ముందు నుంచి పోవడం లేదా? అయ్యో! ఏం పాపం చేసుకున్నారో గాని, మిమ్మల్ని తలుచుకుంటే నాకు జాలేస్తోంది.

మా ఇంటి ముందు నుంచి పోతుంది. అంటే, ఇంకా పోలేదు. పోబోతోంది. ఆ పోబోయే లారీ పుణ్యమా అని మా వీధి అనుభవిస్తున్న వైభోగం గురించి మీలాంటి లారీ లేని అభాగ్యులకు నాలుగు ముక్కలు చెప్పకపోతే కళ్ళు పోతాయని ఈ వ్యాసం రాస్తున్నాను. గొప్పలు పోతున్నాడనుకోకండి. అనుకున్నా నేనేం బాధపడను. గొప్పలు పోవడానికి మా వీధికి దొరికిన మొట్టమొదటి అవకాశం ఇదే.

సంగతేమిటంటే, మా ఊరికి దూరంగా ఒక అణు విద్యుత్ కేంద్రం ఉంది. అందులో కరెంటు తీయగా మిగిలిన సరుకుని మందపాటి ఉక్కు పీపాల్లో పెట్టి, లారీ ఎక్కించి, కొండల అవతల భూమిలో లోతుగా తవ్విన సొరంగంలో పాతిపెట్టాలి. మంచి పనే. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సిందే. ఇన్నేళ్ళూ ఫ్యాన్ కింద కాళ్ళూపుకుంటూ పడుకుని మనం వాడుకున్న కరెంటు తాలూకు ఎంగిలి అది. మనం కాకపోతే ఎవరు తీస్తారు?

హైవే మీద వంతెన బలహీనంగా ఉందని, దారి మళ్ళించి మా వీధిలోంచి తీసుకెళ్దామని పైవాళ్ళు నిర్ణయించారు. నిర్ణయించాక, మా అభిప్రాయం తెలుసుకుందామనుకున్నారు. ఆ వరస గమనించారా? ముందు నిర్ణయం, తర్వాత అభిప్రాయం! ఎంత హాయి! మన అభిప్రాయం వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాదని ముందే తెలిశాక, ఎంత ధైర్యంగానైనా చెప్పుకోవచ్చు కదా.

ఆ అభిప్రాయం మాలో కలిగించి, కలిగిందో లేదో చూసుకుని పోవడానికి ఒక పెద్దమనిషిని పంపారు. ఆయన హోదా పేరు ప్రజావగాహనాధికారి. నోరు తిరక్క మేమంతా ఆయన్ని అవగాహనగారు అని పిలుస్తున్నాం. ఆయనేమీ అనుకోలేదు. దేనికీ ఏమీ అనుకోకపోవడమే ఆయన ఉద్యోగం.

మొదట్లో మా వల్ల ఒక చిన్న పొరపాటు జరిగింది. ఆయన రాకకు ముందు రోజు, మైకు కట్టిన వ్యాను ఒకటి వీధంతా తిరుగుతూ, "వ్యర్థాల లారీ రాబోతోంది, ప్రజలందరూ సహకరించాలి" అని చెప్పి పోయింది. సహకారంలో మా వీధిని మించిన వీధి లేదు. తెల్లారేసరికి విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బకెట్లు, దూది కారిపోతున్న పరుపులు అన్నీ వాకిళ్ళ ముందుకొచ్చి కూర్చున్నాయి. మూలింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారైతే చెడిపోయిన ఫ్రిజ్జుని తోసుకుంటూ తెచ్చి, దానికి ఆనుకుని నిలబడి, లారీ ఎంతసేపటికీ రావడం లేదని విసుక్కున్నారు.

అవగాహనగారు కారు దిగి, ఆ పరుపుల వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. మాకు అవగాహన ఎంత అత్యవసరమో ఆయనకి ఆ క్షణంలోనే అర్థమైపోయింది.

ఆ రోజు నుంచి వ్యర్థం అన్న మాట మా వీధిలో నిషేధం. దాన్ని ఇకమీదట విశ్రాంత ఇంధనం అనాలట! పని చేసి చేసి అలిసిపోయింది, ఇప్పుడు కొండల మధ్య ప్రశాంతంగా విశ్రాంతి తీసుకోవడానికి పోలీసు కార్ల తోడుతో పోతోంది, దారిలో మన వీధి చూసి పోతుంది. ఎంత మర్యాదగా ఉంది! హెడ్‌మాస్టరుగారు ఈ మాటకి పొంగిపోయారు. తనూ విశ్రాంత ఉద్యోగే కదా మరి. కాకపోతే తను రిటైరైన రోజున ఇలా ఎస్కార్టు కార్లు పెట్టి ఎవరూ దిగబెట్టలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ఇక లాభాలు చెప్తాను, వినండి. మా రోడ్డు ఎలా ఉండేదో మీకు తెలియదు. అంబులెన్సు రానని మొరాయించిన రోడ్డు అది. అర్జీలు పెట్టి పెట్టి మా చేతులు పడిపోయాయి గాని ఒక్క గుంటా పూడలేదు. అలాంటిది, పీపాకి కుదుపు తగలకూడదని ఎవరో పెద్దాయన ఒక్క మాట అన్నారట. అంతే! యంత్రాలొచ్చాయి, తారొచ్చింది, రోడ్డు నున్నగా అద్దంలా తయారైంది. మా నడుములకి ఇన్నేళ్ళూ తగిలిన కుదుపులు కుదుపుల లెక్కలోకి రావా అని అడగబోయాను. మంచి పని జరుగుతుంటే నసపెట్టడం దేనికని ఊరుకున్నాను.

అంతటితో అయిందా? వీధికి కొత్త దీపాలు! ఇంటికో గొడుగు, తలకో టోపీ, చేతికో కీచెయిన్! వాటన్నిటి మీదా ఒక బొమ్మ. కళ్ళూ కాళ్ళూ మొలిచి, పళ్ళికిలించి నవ్వుతున్న ఒక పీపా. దాని పేరు చిట్టి పీపా అట. సెలూన్ ఆయనకి అద్దం మీద అంటించుకోమని పెద్ద స్టిక్కరిచ్చారు. గడ్డం గీయించుకుంటూ కళ్ళు తెరిస్తే ఎదురుగా మన మొహం పక్కన అది నవ్వుతుంటుంది. గిరాకీ తగ్గిందని ఆయన గొణుగుతున్నాడు గాని, అది ఆయనలో ఉన్న అవగాహన లోపం.

ఆ తర్వాత కమ్యూనిటీ హాల్లో సదస్సు పెట్టారు. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, అడిగినవాళ్ళకి అడిగినంత టీ. అవగాహనగారు స్టేజీ ఎక్కి, మొదటి మాటగా, "మీరెవరూ భయపడాల్సిన పని లేదు" అన్నారు.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా మాలో ఎవరికీ భయం లేదు. భయపడే తీరిక ఎక్కడిది? పొద్దున లేస్తే నీళ్ళ కోసం, బస్సు కోసం, పిల్లల పరీక్షల కోసం పరిగెత్తే జనం. ఆయన ఆ మాట అన్నాకే, ఓహో, ఇందులో భయపడే సౌకర్యం కూడా ఉందన్నమాట అని హాలంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. చూశారా, అవగాహన ఎంత తొందరగా కలుగుతుందో!

రేడియేషన్ ఎక్కడ లేదు చెప్పండి అన్నారాయన. గోడ రాళ్ళలో ఉంది, ఆకాశంలోంచి వస్తుంది, ఆఖరికి అరటిపండులో కూడా ఉంది అన్నారు. ఇది శాస్త్రం, నేను కాదనను. ఆయన ఉద్దేశం ఏమిటంటే, అరటిపండుకి భయపడనివాళ్ళం పీపాకి మాత్రం ఎందుకు భయపడాలి అని. మా వీధి దాన్ని ఇంకో వైపు నుంచి అర్థం చేసుకుంది. ఆ సాయంత్రం నుంచి అరటిపళ్ళు కొనేవాడు లేడు. పళ్ళ బండి ఆయన అవగాహనగారి కారుని చూస్తే చాలు, పళ్ళు నూరుతున్నాడు.

తర్వాత ఆయన, "ఈ ఇంధనానికి అర్ధాయువు చాలా ఎక్కువ" అన్నారు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సెలూన్ ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు. "అర్ధాయుష్షు అంటే సగం ఆయుష్షే కదండీ. ఎవరిదండీ, దానిదా మాదా?"

పదార్థంలో శక్తి సగానికి తగ్గడానికి పట్టే కాలాన్నే అర్ధాయువంటారని అవగాహనగారు బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పారు. చెప్పేకొద్దీ సగం, సగంలో సగం, అందులో సగం అని వినపడుతుంటే వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మా సైన్సు పరిజ్ఞానం ఇంతగా పెరగడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంత శుభకార్యంలోనూ అడ్డుపుల్ల వేసే మనిషి ఒకరుండాలి కదా? ఉంది. మా అక్క!

మా ఇల్లు వీధి చివర. పై భాగంలో అమ్మా నేనూ ఉంటాం. కింద మా అక్క పసిపిల్లల క్రెష్ నడుపుతుంది. ఉద్యోగాలకి పోయే తల్లిదండ్రులు పొద్దున్నే బిడ్డల్ని దింపి, సాయంత్రం ఎత్తుకుపోతారు. ఉన్న మంచి ఉద్యోగం మానేసి, చుట్టాలందరి చేతా నానా మాటలూ పడి, పెట్టుకుంది. ఆ గదీ, ఆ ఉయ్యాలలూ, ఆ పిల్లల ఏడుపులూ, అవే ఆవిడ లోకం.

ఇంటి పక్కనే రైల్వే గేటు. గేటు పడిందంటే, వచ్చిన బళ్ళన్నీ ఆగేది సరిగ్గా అక్క కిటికీ ముందు. రైలుకి ముందు గూడ్సు బండొకటి వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, డ్రైవర్లు ఇంజన్లు ఆపి కిందకి దిగి కబుర్లు చెప్పుకుంటారు. ఆ కిటికీ కిందే పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయేది.

కాబట్టి సదస్సులో మా అక్క లేచి ఒకటే అడిగింది. "గేటు పడితే ఆ లారీ ఎక్కడ ఆగుతుందండీ?"

"మంచి ప్రశ్న!" అన్నారు అవగాహనగారు. అని, దీపాలార్పించి ఒక వీడియో వేశారు. అందులో ఒక రైలు ఉరుకుతూ వచ్చి ఉక్కు పీపాని ధడేలుమని గుద్దింది. ఇంజను నుజ్జయింది గాని పీపాకి చిన్న సొట్ట. హాలంతా చప్పట్లు. మా హెడ్‌మాస్టరుగారైతే మళ్ళీ వెయ్యమని అడిగారు.

అక్క కూర్చోలేదు. "పీపాకేం కాలేదు, సంతోషం. రైలు గుద్దితే ఏమవుతుందని నేనడగలేదు. గేటు పడితే ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, అది చెప్పండి."

"ఇంకా మంచి ప్రశ్న!" అన్నారాయన. ఈసారి పీపాని ఎత్తు మీద నుంచి పడేసిన వీడియో వేశారు. తర్వాత మంటల్లో పెట్టింది, నీళ్ళలో ముంచింది. అక్క అడిగినకొద్దీ పీపాకి కష్టాలు పెరిగాయే గాని, గేటు మాత్రం ఏ వీడియోలోనూ పడలేదు.

పాఠకులారా, ఏ ఆఫీసులోనైనా మీ ప్రశ్నని ఎవరైనా ఇన్నిసార్లు మెచ్చుకున్నారా? మా నీళ్ళ ఆఫీసులో నోరు తెరిస్తే రేపు రమ్మంటారు. ఇక్కడ అడిగిన ప్రతిసారీ ప్రశంస! జవాబు కూడా కావాలనడం అత్యాశ కాదా?

ఆ సదస్సులోనే మా అమ్మ ఒక చరిత్ర సృష్టించింది. అది చెప్పాలి.

మా అమ్మకి ఎవరేం చెప్తున్నా ఊఁ కొట్టే అలవాటుంది. మా నాన్న కబుర్ల పోగు. ఆయన బతికున్నంత కాలం ఊఁ కొట్టి కొట్టి అది ఆవిడకి ఊపిరితో కలిసిపోయింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళకి కూడా ఊఁ కొడుతుంది. పాపం, అంత దూరం నుంచి చెప్తుంటే పట్టించుకోకపోతే బాగుంటుందా అంటుంది. చెవులు కొంచెం మందం కాబట్టి సదస్సులో మొదటి వరసలో కూర్చుంది. ఆమె ముందే ఒక మైకు.

అవగాహనగారు చివరలో గొంతు మార్చి, కథ చెప్తున్నట్టు సాగదీశారు. "ఈ లారీ మెల్లగా వస్తుంది..." ఊఁ అంది అమ్మ. "ముందొక పోలీసు కారు, వెనకొక పోలీసు కారు..." ఊఁ. "మీ వీధిలోంచి జాగ్రత్తగా వెళ్ళిపోతుంది..." ఊఁ. కథ మంచి పట్టుగా ఉండటంతో ఆమె వెనక ఇంకొందరు ముసలమ్మలు కూడా అందుకున్నారు. హాలంతా ఊఁ, ఊఁ అని మోగిపోయింది. నేనూ ఒకటి రెండు ఊఁలు కొట్టినట్టే గుర్తు.

మర్నాడు వీధి మొదట్లో పెద్ద బోర్డు వెలిసింది. "ఈ వీధి ప్రజలు ముక్తకంఠంతో ఊఁ అన్నారు! వారికి మా ధన్యవాదాలు!" పక్కనే చిట్టి పీపా నమస్కారం పెడుతోంది.

అమ్మ ఆ బోర్డు చూసి లబోదిబోమంది. "ఇదేం విడ్డూరంరా! నేను ఊఁ కొట్టాను గాని ఊఁ అన్లేదు కదరా!"

మన భాషలో ఊఁలు ఎన్నో మీకు నేను చెప్పాలా? కథ వింటున్నానని చెప్పేది ఒక ఊఁ. చివర పైకి లేపితే, వినపడలేదు, మళ్ళీ చెప్పమని. సాగదీస్తే, నీ మాట నమ్మబుద్ధి కావడం లేదని. గబగబా రెండుసార్లంటే, తొందరగా తెముల్చు, పొయ్యి మీద పాలున్నాయని. ఏడ్చే బిడ్డని భుజాన వేసుకుని అనే ఊఁ వేరు, మొగుడి మీద కోపంతో గోడ వైపు తిరిగి అనే ఊఁ వేరు. ఇన్నిటిలోనూ ఏదో ఒక్క ఊఁకే ఒప్పుకున్నానని అర్థం. అవగాహన శాఖవారి దగ్గర మాత్రం అన్ని ఊఁలకీ ఒకటే డబ్బా. వచ్చిన ఊఁని వచ్చినట్టు అందులో వేసేసుకుంటారు.

అమ్మ పట్టు వదల్లేదు. అవగాహనగారిని వీధిలో నిలబెట్టి అడిగింది. "నాయనా, వింటున్నానని ఊఁ కొట్టాను. ఒప్పుకున్నానని నువ్వెలా రాయిస్తావు?"

ఆయన నవ్వు చెదరకుండా, "ఊఁహూఁ అని కూడా అన్లేదు కదమ్మా!" అన్నారు.

చూశారా, ఎంత లోతైన ప్రజాస్వామ్యమో! ఆ రోజు నుంచి మా అమ్మ నోరు మూసుకుని కూర్చుంటోంది. నేనేదైనా చెప్తే నా మొహంలోకి అనుమానంగా చూస్తోంది. వినేవాళ్ళు లేక నాలాంటి రచయితకి ఎంత కష్టమో మీరు అర్థం చేసుకోగలరు.

వీధంతా ఒప్పుకున్నాక, ఒక్క మా అక్క భయాన్ని పోగొట్టడం ఆయన సొంత బాధ్యతగా తీసుకున్నారు. ఆవిడకి భయం లేదు, ప్రశ్న ఉంది. ఆ రెండిటికీ తేడా ఏమిటో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. ఒక సెలవు రోజున అక్క అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళి వచ్చేసరికి, పెయింటర్లు క్రెష్ గోడ నిండా బొమ్మ వేసి వెళ్ళిపోయారు. చిట్టి పీపా ఒక పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతోంది! కింద పెద్ద పెద్ద అక్షరాలు. "ఈ గదిలోని పిల్లలకు ఏమీ కాదు."

మర్నాడు పొద్దున బిడ్డని చంకనేసుకొచ్చిన ఒక తల్లి ఆ గోడ ముందు ఆగింది. చదివింది. మళ్ళీ చదివింది. "ఏమీ కాదని రాయాల్సిన అవసరం ఏమొచ్చిందండీ?" అని అక్కని అడిగింది.

ఏం చెప్తుంది? గేటు పడితే లారీ ఎక్కడ ఆగుతుందో తెలియనిదే, ఏమవుతుందనిగాని కాదనిగాని అక్క ఎలా చెప్తుంది? ఆ బిడ్డ ఆ తర్వాత రాలేదు. ఆ వారంలో ఇంకొందరు రాలేదు. పాపకి జలుబు అన్నవాళ్ళున్నారు, అత్తగారు వచ్చిందన్నవాళ్ళున్నారు. ఫోను ఎత్తనివాళ్ళు కూడా ఉన్నారు. లారీ ఇంకా బయల్దేరనే లేదు, ఉయ్యాలలు ఒకటొకటే ఖాళీ అయిపోయాయి. అణుశక్తి ఇంత దూరం నుంచి ఇంత బాగా పనిచేస్తుందని నాకు తెలియదు.

"ఒరేయ్!" అని అక్క నా మీద పడింది. "పేపర్లో నవ్వులాటలు రాస్తావు కదా, దీని గురించి రాయరా! నేను లారీ వద్దన్నానా? ఎవరి పిల్లలనైనా పట్టుకెళ్ళి లారీకి అడ్డం పడుకోబెట్టానా? ఒక్క మాట అడిగాను. ఒక్కటి! దానికి నా గోడ పాడుచేస్తారా? నా పిల్లల్ని వెళ్ళగొడతారా?"

నా పిల్లలు అంటుంది. ఒక్కళ్ళూ ఆవిడ కన్నవాళ్ళు కాదు.

నేను దీన్ని కూడా మంచి వైపు నుంచే చూశాను. ఇంట్లో ఎంత నిశ్శబ్దం! ఏడుపుల్లేవు, గిలకల చప్పుడు లేదు, రాసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఏమిటో, కింద అలికిడి లేకపోతే నాకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. మెట్ల మీద కూర్చుని అక్క ఖాళీ గదిలోకి చూస్తుంటే, పక్కనుంచి దిగి పోవడానికి కాళ్ళు రావడం లేదు.

అప్పుడు రెండో సదస్సు పెట్టారు. ఈసారి అక్క మైకు కోసం ఆగలేదు. తన కిటికీ కిందే పసిపిల్లలు పడుకుంటారని చెప్పి, గొంతెత్తి అదే మాట అడిగింది. అవగాహనగారు, "మంచి..." అని నోరు తెరిచేలోపు, ఆయన పక్కన ఇన్నాళ్ళూ వీడియోలు వేసే పనిలో ఉన్న ఒక ఇంజనీరమ్మ లేచి నిలబడింది.

"తెలియదండీ" అంది.

టీ తాగుతున్నవాళ్ళు కప్పులు కింద పెట్టేశారు.

"పీపా సంగతి అడగండి, చెప్తాను. అది మేం పరీక్షించాం, గట్టిది. నా ప్రాణం పెట్టి చెప్తాను. కానీ గేటు సంగతి మేం ఆలోచించలేదు. అక్కడ పసిపిల్లలుంటారని మీరు చెప్పేదాకా నాకు తెలియదు. పీపా పక్కన నిలబడితే కొద్దిగా రేడియేషన్ తగులుతుంది, అసలు తగలదని నేననను. అందుకే ఎక్కువసేపు ఎక్కడా ఆగకూడదు. మీరడిగింది అసలైన మాటండీ. రైల్వేవాళ్ళతో మాట్లాడి, గేటు పడని టైములో దాటించొచ్చేమో కనుక్కుంటాను. కనుక్కుని నేనే వచ్చి చెప్తాను."

మీరు నమ్మండి, నమ్మకపొండి, ఆ మాటతో మా అందరికీ ఊపిరి తిరిగింది! వెనక వరసలవాళ్ళు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. సెలూన్ ఆయన అడిగాడు, పళ్ళ బండి ఆయన అడిగాడు, ఇన్నాళ్ళూ టీ కోసం వచ్చిన హెడ్‌మాస్టరుగారు కూడా సిసలైన ప్రశ్న ఒకటి అడిగారు. ఆ అమ్మాయి కొన్నిటికి ఇది తెలుసంది, కొన్నిటికి ఇది తెలియదంది. తెలియదన్న ప్రతిసారీ, తెలుసన్న మాటల మీద మాకు నమ్మకం పెరిగింది. గోడ చదివి వెళ్ళిపోయిన ఆ తల్లి కూడా వచ్చింది. "అది కనుక్కుని చెప్పండమ్మా, అప్పుడు మా బాబుని మళ్ళీ ఇక్కడికే పంపిస్తాను" అంది. మా అక్క మొహంలో చాలా రోజులకి వెలుగు చూశాను.

అవగాహనగారు మాత్రం చెమటలు తుడుచుకుంటూ, టీ చల్లారిపోతోందని ప్రకటించి మైకు కట్టేయించారు.

ఆ తర్వాత ఇంజనీరమ్మ కనపడలేదు. వాకబు చేస్తే, ప్రజలతో ఎలా మాట్లాడాలో ఆమెకి బొత్తిగా తెలియదని పైవాళ్ళు తేల్చారట. అవగాహన శిక్షణకి పంపించారట! చాలా మంచి నిర్ణయం. అలాంటివాళ్ళని వదిలేస్తే రేపు ప్రతి ఆఫీసులోనూ తెలియనివన్నీ తెలియదని చెప్పేస్తారు. అప్పుడు ఆఫీసులెలా నడుస్తాయి?

అక్క ఎదురుచూసింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని, కారు చప్పుడైతే లేచి చూసేది. ఎట్టకేలకు ఒక రోజు అవగాహనగారే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మీ ప్రశ్న పైదాకా వెళ్ళింది. తేలిపోయింది!" అన్నారు.

"ఎక్కడ ఆగుతుందట?" అంది అక్క.

"అది కాదమ్మా. కిటికీ దగ్గర పిల్లలుంటారన్నదే కదా మీ బాధ? మావాళ్ళు వచ్చి చూసుకున్నారు. ఇప్పుడక్కడ పిల్లలెవరూ లేరు. కాబట్టి ఆ ప్రశ్నే తలెత్తదు!"

అక్క గుమ్మంలో కుర్చీ తీసి లోపల పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వ్యాసమంతా పొగుడుతూ వచ్చాను కదా, ఇక్కడ మాత్రం ఎంత ప్రయత్నించినా పొగడ్త రావడం లేదు. క్షమించండి.

అవగాహనగారు ఇంకో శుభవార్త కూడా తెచ్చారు. మా వీధిలో శాశ్వత అవగాహన కేంద్రం పెడతారట. ఖాళీగానే ఉంది కదా, ఈ గది అద్దెకివ్వమని అడిగారు. తన కుర్చీ ఇక్కడ, చిట్టి పీపా బొమ్మ అక్కడ అని కొలతలు వేసుకుంటూ గదంతా తిరిగారు. తిరిగి తిరిగి కిటికీ దగ్గర ఆగారు. గేటు వైపు చూశారు. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమ్మా... గేటు పడితే బళ్ళు సరిగ్గా ఈ కిటికీ ముందే ఆగుతాయా?"

"ఆగుతాయండీ" అంది అక్క.

"లారీలు కూడానా?"

"లారీలు కూడా."

ఆయన మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళారు. అవగాహన కేంద్రం ఊరికి ఆ చివర, పార్కు పక్కన పెట్టారని తర్వాత తెలిసింది. చాలా బాగుంటుందట, చుట్టూ చెట్లట.

కాబట్టి మా ఇంటి కింద గది అద్దెకివ్వబడును. గాలీ వెలుతురూ పుష్కలం. రోడ్డు నున్నగా ఉంటుంది. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ, గేటు పడితే అణు వ్యర్థాల లారీ ఈ కిటికీ ముందే ఆగుతుందనీ, ఎంతసేపు ఆగుతుందో తనకి తెలియదనీ, ఎంత అడిగినా ఎవరూ చెప్పలేదనీ మా అక్క ముందే చెప్పేస్తోంది. అలా చెప్పకే, గది పోదు అంటే వినదు.

జనంతో ఎలా మాట్లాడాలో ఆవిడకి ఇంకా అవగాహన కలగలేదు, పాపం.